సరిహద్దుకు ఇరువైపులా న్యాయం: ఒకే మూలం, రెండు మార్గాలు

నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాలకూ, వాటిని ఆనుకొని ఉన్న నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, ఆదిలాబాద్ జిల్లాలకూ మధ్య రాష్ట్రాల హద్దు ఏర్పడి ఏడు దశాబ్దాలు కావస్తున్నది. వియ్యం, వ్యవసాయం, సంతలు, జాతరలు ఈ హద్దును ఏనాడూ లెక్కచేయలేదు. ధర్మాబాద్ పిల్ల బాసర ఇంటికి కోడలవుతుంది. మద్నూరు రైతుకు దెగ్లూరు వైపు పొలం ఉంటుంది. అయితే ఇంట్లో పంపకాల తగాదా వచ్చిననాడు, గట్టు మీద దారి మూసుకుపోయిననాడు, కులధ్రువీకరణ పత్రం చెల్లదని కార్యాలయంలో తిప్పి పంపిననాడు ఆ హద్దు హఠాత్తుగా కళ్లెదుట నిలుస్తుంది. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం, ఒకే సుప్రీంకోర్టు ఉన్నప్పటికీ, సామాన్యుడికి న్యాయం అందే మార్గం ఇరువైపులా ఒకటిగా లేదు. ఈ తేడా ఎక్కడ పుట్టింది, ఎవరికి ఏమేరకు నష్టం కలిగిస్తున్నది అన్నది సరిహద్దు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయం.

ఒకే సంస్థానం, ఒకే చట్టం

1956 నవంబరు 1కి ముందు ఈ ప్రాంతమంతా హైదరాబాద్ రాష్ట్రమే. నిజాం కాలంలో నాందేడ్ కక్షిదారుడు కూడా హైదరాబాద్ హైకోర్టుకే వెళ్లేవాడు. న్యాయస్థానాలలో ఉర్దూ నడిచేది. 1317 ఫస్లీ నాటి భూమి శిస్తు చట్టమే భూములకు ఆధారం. సంస్థానం విలీనమైన తరువాత వచ్చిన 1950 నాటి హైదరాబాద్ కౌలు, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించింది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నేటికీ ఇరువైపులా భూవివాదాలలో తొలి సాక్ష్యంగా కోర్టుల ముందుకు వస్తూనే ఉన్నది.

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఈ ప్రాంతాన్ని భాష ప్రాతిపదికపై విడదీసింది. అంతవరకు నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు, దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. 1960 మే 1న మహారాష్ట్ర అవతరించింది. ఆనాడు గీసిన గీత వల్ల అప్పటివరకు ఒకే తహసీలు కచేరీకి వెళ్లిన గ్రామాలు రెండు వేర్వేరు పరిపాలనల కిందికి వచ్చాయి.

ఆ తరువాత మార్గాలు వేరయ్యాయి. మహారాష్ట్ర పాత నిజాం శిస్తు చట్టాన్ని పక్కనబెట్టి 1966లో తన సొంత భూమి రెవెన్యూ కోడ్ తెచ్చుకున్నది. తెలంగాణలో 1317 ఫస్లీ చట్టం పేరు మార్చుకొని కొనసాగింది. కౌలు చట్టంలోని 47వ సెక్షన్ ఇందుకు మంచి ఉదాహరణ. సాగుభూమి చేతులు మారాలంటే అధికారి అనుమతి కావాలన్న ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ 1969లో తొలగించింది. మరాఠ్వాడాలో మాత్రం వ్యవసాయదారుడు కానివాడు అనుమతి లేకుండా సాగుభూమి కొనడానికి వీలులేదన్న నియమం నిలిచింది. ఒకే చట్టం రెండు రాష్ట్రాలలో రెండు రూపాలు దాల్చిందన్నమాట. భైంసాలో వ్యాపారి నేరుగా కొనగలిగే పొలాన్ని ధర్మాబాద్‌లో అలా కొనలేడు. ఈ సంగతి తెలియక బయానా ఇచ్చి చిక్కుల్లో పడేవారికి తరువాత కోర్టులో ఊరట దొరకడం కష్టం.

కాగితం ఎవరి చేతిలో ఉన్నది?

భూమి తగాదాలో గెలుపోటములను చాలావరకు నిర్ణయించేది రికార్డు. నాందేడ్ వైపు రైతుకు సాత్‌బారా ప్రాణం. గ్రామ నమూనా 7 హక్కుదారును, 12 పంటను చూపుతాయి. పేరు మార్పును ఫేర్‌ఫార్ అంటారు. తలాఠీ నమోదు చేసి నోటీసు ఇస్తాడు, అభ్యంతరం లేకపోతే మండలాధికారి ధ్రువపరుస్తాడు. అభ్యంతరం వస్తే విచారణ జరపాలి. ఆ తీర్పు నచ్చనివారు ఉపవిభాగాధికారికి, ఆపై కలెక్టరేటుకు అప్పీలు చేసుకోవచ్చు. మెట్లు ఎక్కువే గానీ, ప్రతి మెట్టూ ఎక్కడ ఉన్నదో రైతుకు తెలుసు.

తెలంగాణ వైపు కథ మలుపులు తిరిగింది. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులనే ఎత్తివేశారు. అదే ఏడాది కొత్త పట్టాదారు పాసు పుస్తకాల చట్టం వచ్చింది, అక్టోబరు 29న ధరణి మొదలైంది. రిజిస్ట్రేషన్, ముటేషన్ ఒకేరోజు తహసీల్దారు వద్ద పూర్తికావడం నిజంగా పెద్ద సౌకర్యం. అయితే దానితోపాటే రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. పేరులో అక్షరం తప్పినా, సర్వే నంబరు నిషేధిత జాబితాలో చేరినా, సగం విస్తీర్ణం మాయమైనా తహసీల్దారు తన చేతిలో ఏమీ లేదనేవాడు. చిన్న పొరపాటు దిద్దించుకోవడానికి కలెక్టరు దగ్గరకో, సివిల్ కోర్టుకో వెళ్లక తప్పలేదు. ఈ లోపాన్ని గుర్తించిన మీదట 2025లో భూభారతి చట్టం తెచ్చారు. అది ఏప్రిల్ 14న అమలులోకి వచ్చింది. ఆర్డీఓకు, కలెక్టరుకు అప్పీలు చేసుకునే అవకాశం తిరిగి కల్పించారు. గ్రామస్థాయిలో గ్రామ పాలనాధికారులను నియమించారు.

ఈ అనుభవం చెప్పే పాఠం స్పష్టం. వేగం కోసం అప్పీలును బలిచేస్తే, తప్పు కూడా అంతే వేగంగా శాశ్వతమవుతుంది. మెట్లు పెరిగేకొద్దీ తప్పు దిద్దుకొనే వీలు ఉంటుంది గాని, బలవంతుడు బలహీనుణ్ణి ఏళ్లతరబడి తిప్పగలుగుతాడు. మొదటి లోపం తెలంగాణలో కనిపించింది, రెండవది మహారాష్ట్రలో నేటికీ కనిపిస్తున్నది. ఇరువైపులా వర్తించే సూత్రం మరొకటి ఉన్నది. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్య హక్కు పుట్టదని, హక్కును తేల్చవలసింది సివిల్ కోర్టేనని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. సాత్‌బారా చూసో, పాసు పుస్తకం చూసో భూమి కొనేవారు దాని వెనుక ఉన్న దస్తావేజులను కూడా చూడాలి.

పొలం దారి విషయంలో మాత్రం నాందేడ్ రైతుకు ఒక సౌకర్యం ఉన్నది. 1906 నాటి మామ్లత్‌దార్ కోర్టుల చట్టం కింద, దారినో నీటి కాలువనో ఎవరైనా అడ్డగిస్తే ఆరు నెలల లోపల తహసీల్దారునే ఆశ్రయించవచ్చు. కొత్తదారి కావాలంటే రెవెన్యూ కోడ్ 143వ సెక్షన్ ఉన్నది. అదే తగాదా బాసర వైపు వస్తే, సాధారణంగా సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేయవలసి ఉంటుంది. విత్తనాల వేళకు దారి తెరుచుకోకపోతే ఆ ఏటి పంట పోయినట్లే. అటువంటి రైతుకు మూడేళ్ల తరువాత వచ్చే డిక్రీ వల్ల ఒరిగేది స్వల్పం.

ఆడపడుచు వాటా: తేదీలే తీర్పు

రెండు వ్యవస్థల తేడా అత్యంత బాధాకరంగా బయటపడేది ఆడపిల్లల హక్కులో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి కుమార్తెకు పిత్రార్జితంలో కుమారునితో సమాన హక్కు ఇచ్చింది. మహారాష్ట్ర ఇదే సవరణను 1994 జూన్ 22 నుంచి అమలు చేసింది. రెండు చోట్లా ఆ తేదీకి ముందే పెళ్లయిన కుమార్తెకు ఆ సవరణ వర్తించదు.

1990లో పెళ్లయిన ఇద్దరు స్త్రీలను ఊహించుకుందాం. ఒకరి పుట్టిల్లు బాసర, మరొకరిది గోదావరికి కాస్త ఎగువన ధర్మాబాద్. ఇద్దరి అన్నదమ్ములూ 2000 సంవత్సరంలో రిజిస్టరు పత్రం ద్వారా పొలాలు పంచుకున్నారు, అక్కచెల్లెళ్లను అడగలేదు. బాసర ఆడపడుచు 1985 నాటికి అవివాహిత కనుక ఆమెకు అప్పటికే హక్కు పుట్టింది. ఆమెను వదిలేసిన పంపకాన్ని ప్రశ్నించడానికి ఆమెకు ఆధారం ఉన్నది, కాలపరిమితి వంటి అభ్యంతరాలు వేరు. ధర్మాబాద్ ఆడపడుచుకు 1994 సవరణ వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ దేశంలోని కుమార్తెలందరికీ సమాన హక్కు ఇచ్చినా, 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా జరిగిన పంపకాలను అది కదిలించలేదు. ఇద్దరి మధ్య దూరం కొద్ది మైళ్లు. వాటా ఒకరికి ఉన్నది, మరొకరికి లేదు.

2020 ఆగస్టు 11న వినీత శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మిగిలిన సందేహాలను చాలావరకు తీర్చింది. కుమార్తె హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బ్రతికి ఉండవలసిన అవసరం లేదని తేల్చింది. నోటిమాటగా పంచుకున్నామన్న వాదనను ప్రభుత్వ పత్రాల బలం ఉంటే తప్ప సామాన్యంగా అంగీకరించరాదని కూడా చెప్పింది. అంతకుముందు "ఎప్పుడో పంచుకున్నాం" అన్న ఒక్కమాటతో ఎందరో ఆడపడుచుల దావాలు నీరుగారిపోయేవి.

చట్టం ఇచ్చినదాన్ని ఆచారం తీసుకోవడం మరొక సమస్య. మరాఠ్వాడాలో తండ్రి పోయిన వెంటనే అక్కచెల్లెళ్ల చేత హక్కసోడ్‌పత్రం మీద సంతకం పెట్టించడం పరిపాటి. తెలంగాణలో ఇదే పని హక్కు విడుదల పత్రంగా జరుగుతుంది. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో చేసే సంతకం అది. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కావాలి. ఇంట్లో తెల్లకాగితం మీద పెట్టించుకున్న సంతకంతో హక్కు పోదు. ఈ ఒక్క విషయం ప్రతి ఇంటా తెలిసి ఉండాలి.

కోర్టు రుసుము విషయంలో మహారాష్ట్ర ముందున్నది. భరణం, ఆస్తి తగాదా, హింస, విడాకుల కేసులలో స్త్రీలకు రుసుము మాఫీ చేస్తూ 1994 అక్టోబరు 1న ఆ ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. తెలంగాణలో ఉమ్మడి స్వాధీనంలో ఉన్న వ్యక్తి విభాగపు దావా వేస్తే రుసుము నామమాత్రమే. కానీ ఆస్తి నుంచి వెళ్లగొట్టబడిన ఆడపడుచు తన వాటా విలువను బట్టి చెల్లించాలి. ఎవరిని పూర్తిగా గెంటివేశారో వారే ఎక్కువ కట్టవలసి రావడం ఆలోచించదగ్గ విషయం. అయితే న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇరువైపులా లభిస్తుంది. తాలూకా, మండల కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీకి దరఖాస్తు ఇస్తే చాలు.

డిక్రీ వచ్చాక ఏమవుతుంది?

విభాగపు దావా గెలిచినవారి ప్రయాణం డిక్రీతో ముగియదు. మహారాష్ట్రలో సాగుభూమికి కోర్టు వాటాలు తేల్చి, భూమిని కొలిచి పంచే పనిని సివిల్ ప్రొసీజర్ కోడ్ 54వ సెక్షన్ కింద కలెక్టరుకు పంపుతుంది. ఫైలు అక్కడినుంచి తహసీల్దారుకు, కొలతల శాఖకు తిరుగుతుంది. తెలంగాణలో సాధారణంగా అడ్వకేటు కమిషనరును నియమించి, అతని నివేదికపై కోర్టే తుది డిక్రీ ఇస్తుంది. మొదటి పద్ధతిలో ఖర్చు తక్కువ, కచేరీల జాప్యం ఎక్కువ. రెండవదానిలో అదుపు కోర్టు చేతిలో ఉంటుంది, కమిషనరు ఖర్చు కక్షిదారుని మీద పడుతుంది. ప్రాథమిక డిక్రీ తరువాత మళ్లీ ఎవరో దరఖాస్తు పెట్టేదాకా ఆగకుండా, ట్రయల్ కోర్టులే తుది డిక్రీ దిశగా కేసు నడపాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దీన్ని న్యాయవాదులకు గుర్తుచేయడం కక్షిదారుల హక్కు.

ఇరువైపులా భూములున్న కుటుంబాలకు ఒక వెసులుబాటు ఉన్నది. స్థిరాస్తి వేర్వేరు కోర్టుల పరిధిలో ఉన్నప్పుడు, వాటిలో ఏదో ఒక కోర్టులో దావా వేయవచ్చునని అదే కోడ్ 17వ సెక్షన్ చెబుతుంది. బిలోలిలో ఒకటి, బోధన్‌లో ఒకటి రెండు దావాలు నడపనవసరం లేదు. కాకపోతే ఒక రాష్ట్రం కోర్టు తీర్పును పొరుగు రాష్ట్రపు రెవెన్యూ కచేరీలో అమలు చేయించడానికి ఓపిక కావాలి.

భాష, దూరం, ధ్రువపత్రం

మహారాష్ట్రలో జిల్లా కోర్టు, దాని కిందికోర్టులకు మరాఠీని న్యాయస్థాన భాషగా 1998 జూలైలో ప్రకటించారు. మరాఠీ ప్రజలకు అది మేలు. ఇంట తెలుగు మాట్లాడి, బడిలో తెలుగు చదివిన సరిహద్దు కుటుంబానికి సమన్లు, సాత్‌బారా, తీర్పు అన్నీ పరాయి లిపిలో వస్తాయి. అవతలివైపు ముధోల్ ప్రాంతపు మరాఠీ కుటుంబాల ఇబ్బంది కూడా ఇటువంటిదే. తెలంగాణ హైకోర్టు 2023 జూన్‌లో తొలిసారి ఒక భూమి తగాదాలో తెలుగులో తీర్పు వెలువరించడం హర్షించదగ్గది.

దూరం విషయంలో ఇరువైపులా కొంత మెరుగుదల వచ్చింది. 1981లో ఔరంగాబాద్‌లో బొంబాయి హైకోర్టు పీఠం ఏర్పడేవరకు నాందేడ్ కక్షిదారులకు ముంబయి ప్రయాణం తప్పేది కాదు. 2022 జూన్‌లో తెలంగాణ కొత్త జిల్లా కోర్టులను ప్రారంభించడంతో భైంసా, ముధోల్ వారికి ఆదిలాబాద్ బదులు నిర్మల్ దగ్గరైంది.

కులధ్రువీకరణ విషయం మరింత చిక్కుది. లంబాడీలు తెలంగాణలో 1976 చట్టం మేరకు షెడ్యూల్డు తెగ. గీత దాటి కిన్వట్ తండాకు వస్తే అదే కుటుంబం విముక్త జాతుల జాబితాలో ఉంటుంది. ఒక రాష్ట్రపు షెడ్యూలు హోదా మరొక రాష్ట్రానికి వలసవచ్చినవారితో రాదని సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. విద్య, ఉద్యోగాల మాట అటుంచితే, గిరిజన భూముల రక్షణ కూడా ఈ జాబితాతోనే ముడిపడి ఉన్నది. 2025లో హైదరాబాద్ గెజిట్ ఆధారంగా తమను తెగల జాబితాలో చేర్చాలని మరాఠ్వాడా బంజారాలు ఆందోళన చేయడానికి మూలం ఇదే.

ధ్రువపత్రం ఇచ్చే పద్ధతిలోనూ తేడా ఉన్నది. తెలంగాణలో రెవెన్యూ అధికారి పత్రం చెల్లుతుంది, తప్పుడుదని తేలితే కలెక్టరు రద్దుచేస్తాడు. మహారాష్ట్రలో 2001లో అమలుకు వచ్చిన చట్టం ప్రకారం పత్రాన్ని పరిశీలనా కమిటీ ధ్రువపరచాలి. మన్నేర్‌వార్లు వంటి తెలుగు మూలాల వర్గాల పిల్లలు పాత రికార్డుల కోసం తిరగవలసి వస్తున్నది. 1956 మార్పుల వల్ల కిన్వట్ కుటుంబపు పాత కాగితం ఆదిలాబాద్‌లో, ముధోల్ కుటుంబపు కాగితం నాందేడ్‌లో వెతకవలసి రావచ్చు. ఒక రాష్ట్రంలో దొరికే సాక్ష్యాన్ని మరొక రాష్ట్రం అడుగుతుంటే, ఆ భారమంతా కాలేజీ గడువు ముంచుకొస్తున్న విద్యార్థి మీద పడుతున్నది.

బాబ్లీ చూపిన మార్గం

రెండు రాష్ట్రాల మధ్య న్యాయం ఎలా జరగవచ్చో చూపిన ఉదాహరణ ఈ గోదావరి మీదనే ఉన్నది. ధర్మాబాద్ వద్ద మహారాష్ట్ర నిర్మించిన బాబ్లీ ఆనకట్ట శ్రీరాంసాగర్ ముంపు ప్రాంతంలో ఉన్నదంటూ ఆంధ్రప్రదేశ్ 2006లో సుప్రీంకోర్టులో దావా వేసింది. 2010 జూలైలో ఆనాటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబునాయుడు, తెలుగుదేశం శాసనసభ్యులు సరిహద్దు దాటి ధర్మాబాద్‌లో అరెస్టయ్యారు. ఆ వ్యవహారంలోనే ధర్మాబాద్ కోర్టు 2018 సెప్టెంబరులో, అప్పటికి ముఖ్యమంత్రిగా ఉన్న ఆయనకు వారెంటు జారీచేసింది. రాజకీయం, క్రిమినల్ కేసు ఏళ్ల తరబడి సాగాయి. నీటి సమస్యకు మాత్రం 2013 ఫిబ్రవరి 28 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒక పద్ధతి చూపింది.

ఆనకట్టను కూల్చమని గానీ, మహారాష్ట్రకు పూర్తి స్వేచ్ఛ అని గానీ కోర్టు అనలేదు. నిల్వను 2.74 టీఎంసీలకు పరిమితం చేసింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలన్నది. ఏటా మార్చి 1న 0.6 టీఎంసీలు దిగువకు వదలాలన్నది. అమలును చూడడానికి కేంద్ర జలసంఘం, రెండు రాష్ట్రాల ప్రతినిధులతో త్రిసభ్య కమిటీని నియమించింది. నాటినుంచి ఇరువైపుల ఇంజినీర్లు ఒకేచోట నిలబడి గేట్లు ఎత్తడం, దించడం జరుగుతున్నది. తీర్పుపై రైతులలో అసంతృప్తులు లేకపోలేదు. అయినా అమలుకు తేదీ ఉన్నది, బాధ్యులున్నారు, ఎదుటిపక్షం సాక్షిగా ఉన్నది. అందుకే అది కాగితంగా మిగలలేదు.

నీటికి సాధ్యమైనది భూమి కాగితాలకు ఎందుకు సాధ్యం కాదన్నది అడగవలసిన ప్రశ్న. నాందేడ్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, ఆదిలాబాద్ జిల్లాల కలెక్టర్లు ఏడాదికి రెండుసార్లు కలిసి, నిజాం కాలపు పాత రికార్డుల నకళ్లను పరస్పరం ఇప్పించుకునే ఏర్పాటు చేయవచ్చు. సరిహద్దు తాలూకా కోర్టులలో తెలుగు, మరాఠీ రెండూ తెలిసిన అనువాదకులను న్యాయసేవల సంస్థలు నియమించవచ్చు. ఇరువైపులా భూములున్న కుటుంబాల తగాదాలకు ఒకేరోజు రెండు జిల్లాలలో లోక్ అదాలత్ జరపవచ్చు. లోక్ అదాలత్ తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు రుసుము వాపసు వస్తుంది. వీటిలో దేనికీ కొత్త చట్టం అవసరం లేదు.

పథకాలు బాగున్నాయని తెలంగాణలో కలుస్తామనడం, ఉద్యోగాలు బాగున్నాయని మహారాష్ట్రలో ఉంటామనడం సరిహద్దు గ్రామాలలో తరచు వినవచ్చే మాటలే. హద్దు ఎటు జరిగినా సాత్‌బారాలోనో పాసు పుస్తకంలోనో తప్పుపడిన పేరు దానంతటదే సరికాదు, ఆడపడుచు వాటా ఇంటికి నడచిరాదు. ఎన్నికల సభలలో రాష్ట్రం మార్పు గురించి అడిగే గ్రామాలు, రికార్డుల నకళ్లు ఎప్పుడు ఇప్పిస్తారని, అనువాదకుణ్ణి ఎప్పుడు నియమిస్తారని కూడా ఇరువైపుల ప్రజాప్రతినిధులను అడగవలసి ఉన్నది.